ఆ దూరం ఎవరు నడవాలి

వందేళ్ళ కింద మా డిచ్‌పల్లిని దూరదూరాల నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చింది గుట్ట మీది రామాలయం కోసం కాదు, కుష్ఠు ఆసుపత్రి కోసం. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరు ఇజబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో దాన్ని ఇక్కడ మొదలుపెట్టారు. వాళ్ళు క్రైస్తవ మిషనరీలు. సొమ్ము ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. రాజ్యం నిజాముది. అప్పట్లో ఆ రోగానికి మందంటే చాల్‌మోగ్రా జాతి గింజల నూనె, దాన్ని సూదితో ఎక్కించేవాళ్ళు. ఆ సూది నొప్పి మామూలు నొప్పి కాదు. అయినా జనం వచ్చారు. ఊరు వెలివేసినవాళ్ళు, సొంత ఇల్లు వెళ్ళగొట్టినవాళ్ళు, ఏ గుడి మెట్టూ ఎక్కనివ్వనివాళ్ళు వచ్చారు. లోపలికి రమ్మని పిలిచిన గడప వాళ్ళకు అది.

నేను బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కుష్ఠు పాఠం వచ్చినప్పుడల్లా హాన్సెన్ 1873లో కనుక్కున్న బాక్టీరియా గురించి, నూటికి తొంభై అయిదు మందికి పుట్టుకతోనే దాన్ని తట్టుకునే శక్తి ఉండడం గురించి, ఇప్పుడు మందు బిళ్ళలతో పూర్తిగా నయం కావడం గురించి చెప్పేదాన్ని. ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు లేచి, "మరి అంతగనం ఎందుకు దూరం పెట్టిన్రు టీచర్?" అని అడిగేవారు. భయంతో అని చెప్పేదాన్ని. ఆ జవాబు నాకే చాలేది కాదు. రోగం తగ్గినవాణ్ణి కూడా గుడిలోకి రానివ్వలేదే, అప్పుడు దేనికి భయపడ్డట్టు? 1898లో తెల్లదొరలు చేసిన కుష్ఠురోగుల చట్టాన్ని మన పార్లమెంటు 2016లో గాని రద్దు చేయలేదు. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు 2019 దాకా చట్టాల్లో ఉంది. మందు వచ్చాక కూడా దూరం పోలేదంటే ఆ దూరం రోగానికి సంబంధించింది కాదు. అది శుద్ధికి, మైలకు సంబంధించింది. పవిత్రమైనదేదైనా దాని చుట్టూ కొంత ఖాళీ ఉండాలని, ఆ ఖాళీలోకి కొందరు రాకూడదని మనకు ఎక్కడో లోపల గట్టి నమ్మకం ఉంది. ఆ నమ్మకం నిజమా? దూరం లేకపోతే పవిత్రత నిలవదా?

మాది లింగాయతుల ఇల్లు. బసవన్న, ఆయన తోటి శరణులు పన్నెండో శతాబ్దంలో కల్యాణంలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పేశారని చిన్నప్పుడు మా నాయన గర్వంగా అనేవాడు. పుట్టుక, చావు, ముట్టు, ఎంగిలి, కులం, ఈ ఐదు సూతకాలూ శివభక్తుడికి లేవన్నారు వాళ్ళు. దేవుణ్ణి గర్భగుడిలోంచి తెచ్చి మనిషి మెడలో ఇష్టలింగంగా కట్టారు. అరచేతిలో పెట్టుకొని పూజించుకునే దేవుడి దగ్గరికి నిన్ను రానివ్వం అనడానికి పూజారి ఎవరు? ఎంత పెద్ద మాట అది! బోధన్ నుంచి బీదరు దాకా మా వాళ్ళున్న ప్రతి ఊళ్ళో ఆ మాట వినిపిస్తుంది. అలాంటి ఇంట్లోనే, మా ఆయన పోయిన తర్వాత జరిగిన మొదటి పెళ్ళిలో, పసుపు కొట్టే రోలు దగ్గరికి నేను పోతుంటే మా వాళ్ళే నా చేయి పట్టుకొని "నువ్వు జరంత అటు కూసో" అన్నారు. కోపంతో అనలేదు. ప్రేమగానే అన్నారు, కుర్చీ కూడా వేశారు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు మా ఊరి ఆసుపత్రి గుర్తొచ్చింది.

ఆ చలికాలం, మార్గశిరంలో, మా పాత ఆల్టో కారు తీసుకొని ఒక్కదాన్నే ఉత్తరానికి బయల్దేరాను. "ఒక్కదానివే పోతవా అక్కా? ఏం మొక్కున్నది?" అని పక్కింటామె అడిగింది. మొక్కేమీ లేదు. యాత్రల బస్సు ఎక్కితే దంపతులను పీటల మీద కూర్చోబెడతారు, నాలాంటి వాళ్ళం సంచులు చూసుకుంటూ మండపం బయట ఉంటాం. అందుకని దేవుడి పేరుతో పోదలచుకోలేదు. దూరం పెట్టిన చోట్లను చూద్దామనుకున్నాను. గుడి ఒక్కటే కాదు, అడవిని కూడా ఈ కాలంలో గర్భగుడిలా కాపాడుతున్నారు కదా. కేస్లాపూర్‌లో గోండుల దేవుడు నాగోబా గుడి, జన్నారం పులుల అడవి, ఈ రెండింటినీ ఒకే ప్రయాణంలో చూడాలి. నలభై నాలుగో నంబరు హైవే మీద పైకి పోయి, అరవై మూడో నంబరు రోడ్డు పట్టుకొని ఇంటికి తిరిగి రావాలి.

మా ఇంటి ముందు నుంచి పోయే ఈ రోడ్డు కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా ఉంది. రోడ్డు ఈ రూపంలో లేనప్పుడు కూడా ఈ దిక్కునే కాశీకి పోయేవాళ్ళు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి, హైదరాబాదు దాటి, నిర్మల్ మీదుగా నాగపురానికి, అక్కడి నుంచి కాశీకి పోయాడు. పల్లకీ, డేరాలు, సుమారు వందమంది పరివారం. మజిలీ మజిలీకీ నీళ్ళు ఎట్లా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, బ్రాహ్మణ ఇళ్ళెన్ని అని రాసుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం. అంత ఓపికగా దారి చూసిన తెలుగువాడు అంతకుముందు లేడు. కాని ఆ లెక్కలో ఒకటి గమనించాను. బ్రాహ్మణ ఇళ్ళ సంగతి ఆయనకు ఎందుకు కావాలి? మడి తప్పకుండా వంట సాగాలి గనక. ఆ మడిని వందమంది మోసుకుంటూ కాశీ దాకా నడిచారు. పల్లకీ మోసిన బోయీల శుద్ధి గురించి ఎవరూ దిగులు పడి ఉండరు.

ఆర్మూరు దగ్గర సిద్ధులగుట్ట కింద ఆగలేదు, అది మాకు ఇంటి దేవుడి లెక్క, ఎప్పుడూ పోయేదే. పోచంపాడు మాత్రం ఆగాను. ఆనకట్టలను ఆధునిక దేవాలయాలన్న నెహ్రూ 1963 జూలై 26న వచ్చి శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఈ గుడి నీళ్ళు మా ప్రాంతాన్ని బతికించాయి, అందులో అబద్ధం లేదు. ఈ గుడి కోసం కూడా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. గోదావరి ఒడ్డున దేవుళ్ళతో సహా మునిగిన ఊళ్ళవి. కట్ట మీద నిలబడితే నీళ్ళు తప్ప ఏమీ కనబడదు, కాబట్టి ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు.

సోన్ దగ్గర గోదావరి దాటి నిర్మల్ చేరాను. రాంజీ గోండును, ఆయన వెంట తిరగబడినవాళ్ళను 1860లో ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. వెయ్యి మంది అని జనం చెప్పుకుంటారు, వెయ్యి ఉరుల మర్రి అన్న పేరు అట్లా వచ్చింది. చెట్టు ఇప్పుడు లేదు, గాలివానకు కూలిపోయింది. అయినా ఆ చోటు అడిగితే ఊళ్ళో ఎవరైనా చూపిస్తారు. మూర్తి లేకపోయినా చోటు నిలుస్తుందని నాకు కొత్తగా తెలియాల్సిన పని లేదు. మా గుట్ట మీది రామాలయంలోనే చాలాకాలం మూలవిరాట్టు లేదని మా అత్తమ్మ చెప్పేది. నల్లరాతి స్తంభాలు, గోడల నిండా శిల్పాలు, లోపల ఖాళీ. మేకలు కాసే పిల్లలు మధ్యాహ్నం ఎండకు ఆ మండపంలో పడుకునేవాళ్ళట. అప్పుడు దాన్ని ఎవరైనా పాడుచేశారా అంటే లేదు. ఒక్క శిల్పం మీదా గీత పెట్టకుండా పిల్లలు దిగి పోయేవాళ్ళట.

కుంటాలకు నేరడిగొండ దగ్గర హైవే దిగాలి. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దూకుతుంది. రాళ్ళ సందులో గుహలో సోమేశ్వరుడు, శివరాత్రికి జనం కిక్కిరుస్తారు. వానాకాలం పోయినా ఇంకా నీళ్ళున్నాయి. కింద మడుగు అంచున బీరు సీసాల పెంకులు, చిప్సు పొట్లాలు, ఎవరో విప్పి పారేసిన తడి బట్టలు. ఒక కుర్రవాడు రాతి మీద పెయింటుతో తన పేరు, ఒక అమ్మాయి పేరు రాసి పోయాడు. అక్కడ నిలబడినప్పుడు నా ప్రశ్న నా మీదికే తిరిగింది. ఎవరినీ దూరం పెట్టవద్దు, అందరినీ రానివ్వండి అంటే అయ్యేది ఇదేనా? మా అత్తమ్మ చెప్పిన మేకల పిల్లలకూ ఈ కుర్రవాడికీ తేడా ఏమిటి? మేకల పిల్లలు రోజూ వస్తారు, రేపు మళ్ళీ అక్కడే పడుకోవాలి. ఈ కుర్రవాడు మళ్ళీ రాడు. నేనూ మళ్ళీ వస్తానో రానో. ఊరికే చూసి పోయేవాళ్ళం మేమిద్దరం ఒక గుంపు, ఆ మేకల పిల్లలు వేరే గుంపు. ఈ సంగతి తేలేదాకా దూరం గురించి తీర్పు చెప్పకూడదనుకున్నాను.

గుడిహత్నూరు నుంచి ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న ఇక్కడ గిరిజన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయినవాళ్ళు 13 మంది, గోండులు చెప్పే లెక్క అంతకు చాలా ఎక్కువ. స్తూపం కట్టారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏప్రిల్ 20 వచ్చిందంటే ఆ స్తూపం దగ్గరికి ఎవరూ రాకుండా నిషేధాజ్ఞలు పెట్టేవాళ్ళు. చనిపోయినవాళ్ళ స్తూపం దగ్గర ఏడవడానికి కూడా దూరం. నేను పోయినప్పుడు అక్కడ అడ్డం ఎవరూ లేరు. రెండు చేతులూ జోడించాను, ఏ దేవుణ్ణీ తలచుకోలేదు.

కేస్లాపూర్ అక్కడికి దగ్గరే. జాతర పుష్య అమావాస్య నాడు, నేను పోయింది మార్గశిరం, కాబట్టి ఊరు ఊరులాగే ఉంది. నాగోబా గుడిని మెస్రం వంశంవాళ్ళు సొంతంగా చందాలు వేసుకొని రాతితో కొత్తగా కట్టుకున్నారు, 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. గుడి ముందు అరుగు మీద ఒక ముసలామె కూర్చొని ఉంది. ఆమె కూడా మెస్రం ఇంటి కోడలే. నేను లోపలికి పోవచ్చా అని అడిగాను. "పో బిడ్డా, దండం పెట్టుకో" అంది. పూజ మాత్రం మా వాళ్ళే చేస్తరు అని కూడా చెప్పింది. అందులో దాపరికం లేదు. వాళ్ళకూ కట్టుబాట్లున్నాయి, అవి గట్టివి. పెళ్ళయి వచ్చిన కోడలు జాతరలో భేటింగ్ అయ్యేదాకా నాగోబా పూజలో పాల్గొనకూడదు. తెల్లచీర కట్టి, ముసుగు వేసి, పెద్దలు వెంట పెట్టుకొని తీసుకుపోయి దేవుడికి పరిచయం చేస్తారు. ఆ రాత్రితో ఆమె మెస్రం మనిషి అవుతుంది.

"తెల్లచీరనా?" అన్నాను.

"తెల్లదే. కొత్త కోడలు కద" అంది.

మా వైపు తెల్లచీర కట్టించి అవతల కూర్చోబెడతారని ఆమెకు చెప్పలేదు. చెప్పినా ఆమెకు ఏమీ అర్థమయ్యేది కాదు. అక్కడ ఆ చీర లోపలికి పిలవడానికి.

జాతరకు ముందు మెస్రంవాళ్ళు జన్నారం వైపు గోదావరిలో హస్తినమడుగు దాకా కాలినడకన, చెప్పులు లేకుండా పోయి ఝారీలో నీళ్ళు తెస్తారు. అడవి, గుట్టలు, రాళ్ళ తొవ్వ. వచ్చి ఇంద్రవెల్లిలో పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేసి, అమావాస్య రాత్రి ఆ నీళ్ళతో నాగోబాకు మహాపూజ చేస్తారు. ఇప్పుడు తారు రోడ్డుంది, ట్రాక్టర్లున్నాయి, ఒక పూటలో తెచ్చేయొచ్చు కదా అన్నాను.

"తేవొచ్చు. నీళ్ళు వస్తయి, మేం పోనట్టయితది" అంది ఆమె.

అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. కుంటాల దగ్గర మొదలైన చిక్కు ఇక్కడ విడిపోయింది. నాగోబాకూ మనిషికీ మధ్య దూరం ఉంది, ఆ దూరాన్ని ఎవరూ చెరిపేయలేదు. కాని దాన్ని నడుస్తున్నది ఎవరు? పూజ చేసేవాళ్ళే. అరికాళ్ళు పగిలేది వాళ్ళవే. దేవుడి పవిత్రత కోసం వాళ్ళు ఇంకొకరిని పక్కకు జరగమనలేదు, తామే నడిచారు. వీరాస్వామయ్య మడిని బోయీలు నడిచారు. మా ఇంటి పెళ్ళి శుభాన్ని, ఆ కుర్చీలో కూర్చొని, నేను మోశాను. దూరం మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్నే కాదు. ఆ దూరం కష్టం ఎవరి మీద పడుతోంది? దేవుణ్ణి కోరుకునేవాడి మీద పడితే అది వ్రతం. వాడి కోసం మరొకరి మీద పడితే అది వెలి.

ఆ అరుగు మీదే పండరిపురం గుర్తొచ్చింది. అక్కడి వారకరీల్లో మా బోధన్, బాన్సువాడ వైపు జనం కూడా ఉంటారు, ఏకాదశికి అక్కడికి పోతారు. దళిత భక్తుడు చోఖామేళాను ఆ గుడిలోకి రానివ్వలేదు, ఆయన సమాధి గుడి మెట్ల దగ్గర ఉంది. ఆ గుడి తలుపు దళితులకు తెరవాలని 1947లో సానే గురూజీ నిరాహారదీక్ష చేశాడు. ఆయన బ్రాహ్మణుడు. ఆయనకు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది. ఆకలి మాత్రం తన మీద వేసుకున్నాడు. ఇజబెల్ కెర్ కూడా అంతే. రోగి నడవలేని దూరాన్ని ఆమె స్కాట్లండ్ నుంచి నడిచి వచ్చింది. ఆమె మతం నాది కాదు, మతం మార్పించడం మీద నాకు అభ్యంతరాలున్నాయి. అయినా ఈ ఒక్క విషయంలో ఆమె పక్కన నిలబెట్టడానికి మా ఊళ్ళో ఇంకొకరు నాకు కనబడరు.

ఉట్నూరు దాటి జన్నారం పోతుంటే టేకు అడవి రెండు పక్కలా దగ్గరికి వస్తుంది. నేను పోయినప్పుడు రాత్రిపూట ఈ రోడ్డు మీద రాకపోకలకు ఆంక్షలుండేవి. చట్టం ప్రకారం జాతీయ పార్కులనిపించుకున్నవి తెలంగాణలో మూడే, మూడూ హైదరాబాదు చుట్టుపక్కలవే: కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, మహావీర్ హరిణ వనస్థలి, మృగవని. జన్నారం చుట్టూ ఉన్న ఈ కవ్వాల్ మాత్రం అభయారణ్యం. దాన్ని 2012లో టైగర్ రిజర్వుగా ప్రకటించారు. పేరు ఏదైనా లోపలి భాగం, కోర్ అంటారు దాన్ని, మనుషుల అలికిడి లేకుండా ఉండాలన్నది నియమం. గర్భగుడికి కూడా ఇదే నియమం కదా అనుకుంటూ పొద్దున్నే సఫారీ జీపు ఎక్కాను.

దుప్పులు కనబడ్డాయి, నీల్గాయిలు, దూరంగా అడవిదున్న ఒకటి. పులి కనబడలేదు. కనబడుతుందని అనుకోలేదు కూడా. కవ్వాల్‌కు పులులు ఎక్కువగా మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి వస్తాయి. రెండేళ్ళ వయసు వచ్చిన పులి తల్లి నుంచి విడిపోయి తన జాగా వెతుక్కుంటూ, పత్తి చేలల్లోంచి, వాగులు దాటి, ఒంటరిగా నడిచి వస్తుంది. కొన్నాళ్ళుండి మళ్ళీ పోతుంది. నిలవాలంటే దానికి వేట కావాలి, అలికిడి లేని చోటు కావాలి. జీవశాస్త్రం చదివినదాన్ని, ఈ దూరం పులికి మనం పెట్టిన మర్యాద కాదని నాకు తెలుసు. అది దాని ఆకలి లెక్క, దాని పిల్లల లెక్క. గుడి మడిని వద్దన్నంత తేలిగ్గా దీన్ని వద్దనలేను.

జీపులో గైడుగా వచ్చిన అబ్బాయిది అడవి అంచు ఊరు. కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట ఊళ్ళను కోర్ నుంచి బయటికి తరలించిన సంగతి మాట్లాడుకున్నాం. ఇష్టపూర్వకంగానే తరలించాలని 2006లో సవరించిన వన్యప్రాణి చట్టం చెప్తుంది. అదే ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం గ్రామసభ ఒప్పుకోవాలంటుంది. ఇచ్చిన భూమి మంచిదేనా, డబ్బు సరిపోయిందా, ఆ వివరాలు అతను చెప్తుంటే విన్నాను. చివరికి అతనే అడిగాడు. "ఊరు లేపితే మనుషులు వస్తరు టీచరమ్మా. పోశమ్మ వస్తదా?"

పోశమ్మ రాదు. వేపచెట్టు కింద రాయిని పెరికి లారీలో వేసుకొని వేరే చోట పాతితే రాయి వస్తుంది. ఆ మాట అతనికీ తెలుసు, అందుకే అడిగాడు.

ఇక్కడ నా కొలబద్దను గట్టిగా పట్టుకోవాలి. పులికి దూరం కావాలి, ఒప్పుకున్నాను. ఆ దూరం కష్టం ఎవరి మీద పడింది? అక్కడ పుట్టినవాళ్ళ మీద. పులిని చూడాలని కోరుకునేది ఎవరు? టికెట్టు కొని జీపెక్కిన నేను. ఊరు ఖాళీ చేసిన తొవ్వ మీద నా జీపు పోతున్నది. ఈ అడవి పవిత్రమైతే, దాన్ని కోరుకున్న నేను నడవాల్సిన దూరాన్ని మైసంపేట నడిచింది. ఇది మా పెళ్ళింటి రోలు దగ్గరి లెక్కే, పెద్దది, అంతే.

వేరే దారి లేదా అంటే ఉంది. అది కూడా ఇదే నలభై నాలుగో నంబరు రోడ్డు మీదే ఉంది. నాగపూరు దాటాక పెంచ్ పులుల అడవిలోంచి ఈ రోడ్డు పోతుంది. దాన్ని వెడల్పు చేసేటప్పుడు కోర్టుల దాకా గొడవ జరిగి, చివరికి మహారాష్ట్ర వైపు తొమ్మిది చోట్ల రోడ్డును ఎత్తి వంతెనలు కట్టారు. పైన లారీలు పోతాయి, కింద నేల మీద పులి నడుస్తుంది. కెమెరాల్లో ఆ పులులు రికార్డయ్యాయి. అక్కడ పులికి కావలసిన దూరాన్ని రోడ్డు భరించింది, అంటే రోడ్డు వాడుకునే మనమందరం భరించాం. ఎక్కువ ఖర్చయింది, కట్టడం ఆలస్యమైంది, అంతే. అడవిని ప్రేమిస్తున్నాం అనేవాళ్ళు చేయాల్సిన వ్రతం ఇట్లాంటిది. కవ్వాల్ చుట్టూ పశువును పులి కొట్టేస్తే పరిహారం ఆ వారంలోనే రైతు చేతిలో పడాలి. లేకపోతే కడుపుమండినవాడు కళేబరంలో విషం కలుపుతాడు, పులి చస్తుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలంటే నా సఫారీ టికెట్టు నుంచి రావాలి, దాని ధర మూడింతలు చేసినా సరే. మనిషిని లేపడానికి ముందు హైదరాబాదు నుంచి వచ్చే కార్లను ఆపాలి. నా ఆల్టోను కూడా.

ఒంటరిగా పోవడం గురించి మా వాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. భయం కాలేదా, పొద్దుపోలేదా అని. నాకు అందులో దొరికింది వేరే. ఇంట్లో నన్ను పక్కన కూర్చోబెట్టినప్పుడు ఆ దూరం ఇంకొకరు గీసింది. ఈ తొవ్వ మీద నేనే గీసుకున్నాను, నేనే నడిచాను. రెండింటిలోనూ నేను ఒంటరిదాన్నే, కాని రెండో ఒంటరితనంలో నాకు అవమానం లేదు. సన్యాసులు ఊరు విడిచేది ఇందుకేనేమో అనిపించింది. అయితే నాకు సన్యాసం మీద కోరిక లేదు. ఇంటికి రావాలి, ఆ రోలు దగ్గరికే రావాలి.

లక్సెట్టిపేట, ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల. మెట్‌పల్లి నుంచి ఆర్మూరు దాకా రోడ్డుకు రెండు పక్కలా పసుపు చేలు, ఆకు ముదిరి పండడానికి సిద్ధంగా ఉంది. సంక్రాంతి దాటాక తవ్వకం మొదలవుతుంది. కొమ్ములు విరవడం, ఉడికించడం, కళ్ళంలో ఆరబోయడం, ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల మీదే జరుగుతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లల తల్లులు ఎంతోమంది ఆ పనికి పోయేవాళ్ళు. మోచేతుల దాకా పసుపు, గోళ్ళ సందుల్లో పసుపు, అన్నం ముద్దలో పసుపు. వాళ్ళలో భర్త పోయినవాళ్ళు ఎందరో. గల్ఫుకు పోయి పెట్టెలో తిరిగొచ్చినవాళ్ళ భార్యలు మా వైపు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళు విరిచిన కొమ్మే నిజామాబాదు మార్కెట్ యార్డుకు పోయి, దేశమంతా తిరిగి, పెళ్ళిరోలులోకి వస్తుంది. ఆ కొమ్ముకు వాళ్ళ చేయి తగిలిన మైల ఎక్కడ పోయింది? ఉడకబెట్టినప్పుడు పోయిందా, యార్డులో వేలం పాటప్పుడు పోయిందా? కొమ్ము చేలో ఉన్నంత సేపు వాళ్ళ చేయి కావాలి, రోలులో పడ్డాక వద్దు. బసవన్న పేరు చెప్పుకునే ఇంట్లో ఈ ప్రశ్న అడిగితే ఇప్పటిదాకా నాకు ఎవరూ జవాబు చెప్పలేదు.

వచ్చే శ్రావణంలో మా ఇంట్లో పేరంటం పెడుతున్నాను. పసుపు చేలల్లో పనిచేసే నా పాత విద్యార్థుల తల్లులను, భర్త ఉన్నారా లేరా అని చూడకుండా, ఇంటింటికీ నడిచి పోయి నేనే పిలుస్తాను. వాళ్ళను రమ్మని కబురు పంపను, వాళ్ళ గడపకు నేనే పోతాను. పసుపు కొట్టేది వాళ్ళూ, నేనూ. మా ఇంటి పెద్దలను కూడా పిలుస్తున్నాను, నన్ను కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళను కూడా. వదిన వస్తానంది. నా చేతి పసుపు తీసుకుంటుందో లేదో అక్కడే తెలుస్తుంది. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో అందరి ముందూ అడుగుతాను.